టక్ టక్ సౌండు, ఒక విరిగిన స్టడ్డు: మేనిఫోల్డ్ ప్యాకింగ్ మార్చిన కథ

పొద్దున్నే మా పాత కారు స్టార్ట్ చేస్తే టక్ టక్ టక్ అని ఒకటే సౌండు. పది నిమిషాలు తిరిగితే దానంతట అదే తగ్గిపోయేది. ఇంజిన్ 2 లక్షల కిలోమీటర్లు దాటింది కాబట్టి టాపెట్లే (వాల్వులని నొక్కే భాగాలు) అయి ఉంటాయని ఆయిల్ మార్చాను, టాపెట్ గ్యాప్ సరిచేశాను, ఎటూ కవర్ విప్పాను కదా అని దాని ప్యాకింగ్ కూడా కొత్తది వేశాను. మర్నాడు పొద్దున మళ్లీ టక్ టక్. కాలు నొప్పికి తలకి మందు రాసినట్టయింది నా పని.

అసలు సంగతి బయటపడింది ఒక రబ్బరు ట్యూబు ముక్కతో. మీటరు పొడవు ట్యూబు తీసుకుని ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసని మేనిఫోల్డ్ (సిలిండర్ల పొగనంతా సైలెన్సర్ పైపులోకి చేర్చే పోత ఇనుప భాగం) వెంబడి ఒక్కో సిలిండర్ దగ్గరికీ జరుపుతూ వెళ్లాను (చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన వెంటనే, బెల్టుకీ ఫ్యానుకీ దూరంగా). ఒకటి, రెండు, మూడు దగ్గర మామూలు ఇంజిన్ గోలే. నాలుగో దాని దగ్గరికి రాగానే ఎవరో చెవిలో ఉఫ్ ఉఫ్ అని ఊదుతున్నట్టు కొట్టింది. ఇంజిన్ ఆపి, చల్లారాక హీట్ షీల్డ్ (వేడి తగలకుండా మేనిఫోల్డ్ మీద ఉండే రేకు) తీసి టార్చి వేసి చూస్తే, మేనిఫోల్డ్ వెళ్లి ఇంజిన్ హెడ్‌ని (సిలిండర్ల పైన మూతలా ఉండే భాగం) ఆనుకునే చోట నల్లటి మసి విసనకర్రలా పరుచుకుని ఉంది. అంటే మధ్యలో ప్యాకింగ్ కాలిపోయి, ఆ సందులోంచి పొగ బయటికి కొడుతోంది. పోత ఇనుము వేడెక్కి సాగితే ఆ సందు మూసుకుంటుంది, చల్లారితే తెరుచుకుంటుంది. పొద్దున పూటే మోగడానికి కారణం అదీ.

సౌండే కదా, పోనీలే అని వదిలేసేవాళ్లు ఉన్నారు, నేనూ ఒక వారం అలాగే వదిలేశాను. అది తప్పు. బయటికి వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ వాసనా లేవు, అది ఏసీ గాలి లోపలికి పీల్చుకునే దారిలో వెళ్లిందంటే లోపల కూర్చున్నవాళ్లకి ముందు తలనొప్పి మొదలవుతుంది, తర్వాత మాట్లాడే పని ఉండదు. మైలేజీ సంగతి వేరే. పొగ ఒక్కో విసురుగా వస్తుంది కదా, ఆ విసుర్ల మధ్య అదే సందులోంచి బయటి గాలి లోపలికి పోతుంది. ఆక్సిజన్ సెన్సర్ ఆ గాలిని చూసి పెట్రోలు తక్కువైందని చెబుతుంది, కంప్యూటర్ నమ్మి ఇంకా పోస్తుంది. మైలేజీ ఎందుకు పడిపోయిందో నాకు అప్పుడు అర్థమైంది.

ఇక విప్పడం. ప్యాకింగ్ మార్చడం అంటాం గానీ ఈ పనిలో ప్యాకింగ్ అసలు సమస్యే కాదు, స్టడ్లే (హెడ్‌లోకి మరలతో దిగి ఉండే, తల లేని బోల్టులు, వాటి మీదే నట్లు పడతాయి) సమస్య. లెక్క వేసి చూడండి: అర మీటరు పొడవున్న పోత ఇనుప మేనిఫోల్డ్ 500 డిగ్రీలు వేడెక్కితే దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. అల్యూమినియం హెడ్ ఇనుము కంటే రెట్టింపు సాగే లోహమే, కానీ దానికి లోపల నీళ్లు తిరుగుతుంటాయి కాబట్టి అంత వేడెక్కదు, ఒక మిల్లీమీటరు సాగితే ఎక్కువ. ఆ తేడా అంతా స్టడ్ల మీద పడుతుంది, మధ్యలో ఉన్నవాటి కంటే రెండు చివర్ల ఉన్నవాటి మీద ఎక్కువ. చాలా మేనిఫోల్డ్‌లకి చివరి బెజ్జాలు కాస్త పెద్దవిగానో కోలగానో ఉండేది అందుకే, అది అరుగుదల అనుకుని కంగారు పడకండి. ఇన్నేళ్లు ఇలా లాగుడు తిని, తుప్పు పట్టి కూర్చున్న స్టడ్డు మన స్పానర్ చూసి భయపడి తిరగదు.

అందుకని నేను మూడు రోజుల ముందే మొదలుపెట్టాను. రోజూ సాయంత్రం, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, తుప్పు వదిలించే ఆయిల్ ప్రతి నట్టు మొదట్లోనూ కొట్టి వదిలేయడం. నాలుగో రోజు బ్యాటరీ నెగటివ్ తీసి, సెన్సర్ కనెక్టర్ ఊడదీసి, కింద సైలెన్సర్ పైపు విడదీసి, ఆరు మూలల సాకెట్ పట్టుకుని కూర్చున్నాను. పన్నెండు మూలలది వాడొద్దు, తుప్పు తిన్న నట్టు తల గుండ్రంగా అరిగిపోతుంది, ఆ తర్వాత ఏడ్చినా లాభం లేదు. లూజ్ చేయడం అంటే ఒకే వైపు లాగడం కాదు, కొంచెం వదులు, కొంచెం బిగింపు, మళ్లీ ఆయిల్, అలా.

కిర్రుమని అరిచిన నట్టు మంచిది. ఎనిమిదింట్లో ఏడు అరుచుకుంటూనే వచ్చాయి. చివరిది, అదే నాలుగో సిలిండర్ పక్కది, రాయిలా ఉన్నది ఒక్కసారి మెత్తగా తిరిగింది. చప్పుడు లేదు. వెన్నలో స్పూను తిప్పినట్టు సుతారంగా వచ్చేస్తుంటే ఒక్క క్షణం సంతోషపడ్డాను కూడా. తీసి చూస్తే సాకెట్‌లో నట్టు, నట్టులో సగం స్టడ్డు. విరిగిన చోట సగం మెరుస్తోంది, సగం నల్లగా మసి పట్టి ఉంది. అంటే నేను విరగ్గొట్టింది సగమే, మిగతా సగం ఎప్పుడో చీలి ఉంది. ప్యాకింగ్ కాలిపోవడానికి అసలు కారణం అది. ఇది చూసుకోకుండా కొత్త ప్యాకింగ్ వేసి ఉంటే మళ్లీ అదే చోట కాలేది.

నా అదృష్టం, ఒక 5 మిల్లీమీటర్ల మొలక బయటికి మిగిలింది. మా బావకి వెల్డింగ్ పని వచ్చు. ఒక నట్టుని ఆ మొలక మీద పెట్టి లోపలి నుంచి వెల్డ్ చేశాడు. ఉక్కు వెల్డింగ్ అల్యూమినియానికి అతుక్కోదు కాబట్టి హెడ్‌కి పెద్ద భయం లేదు, పైగా ఆ వేడికే మరల్లో పట్టు వదులుతుంది. నేను వెంటనే స్పానర్ తీసుకుంటే "ఆగు బావా, ఎరుపు పోనీ ముందు, ఇప్పుడు తిప్పితే మళ్లీ విరుగుతుంది" అని చేయి పట్టుకున్నాడు. రెండు నిమిషాలాగి తిప్పితే కిర్రుమంది. ఆ అరుపు వినగానే టెన్షన్ అంతా దిగిపోయింది. మొలక మిగలకుండా లోపలే విరిగితే మాత్రం సరిగ్గా నడిమధ్యన డ్రిల్ చేయాలి, ఒక్క మిల్లీమీటరు పక్కకి పోయినా హెడ్ మరలు పోతాయి, అలాంటిది చేయి తిరిగినవాళ్లకి ఇచ్చేయడమే మేలు.

పాత ప్యాకింగ్ గీకేటప్పుడు ఒక జాగ్రత్త. పాత కార్ల ప్యాకింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, కాబట్టి తడిపి గీకండి, మాస్కు పెట్టుకోండి, గాలి కొట్టి దులపకండి. అల్యూమినియం మీద గ్రైండర్ అసలే వద్దు, ప్లాస్టిక్ గీకుడు ముక్కతో ఓపికగా చేయండి. తర్వాత మేనిఫోల్డ్ మీద ఇనుప స్కేలు నిలబెట్టి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) దూర్చి చూస్తే, చివర 0.4 మిల్లీమీటర్ల రేకు దూరిపోయింది. మాన్యువల్ ఒప్పుకునే దానికంటే చాలా ఎక్కువ. బోల్టులతో బలవంతంగా లాగి కూర్చోబెడదామా అన్న ఆలోచన వచ్చిన మాట నిజం, కానీ అలా చేస్తే మేనిఫోల్డ్ చెవి (స్టడ్డు దూరే బెజ్జం ఉన్న అంచు) పగులుతుంది. లేత్ పని చేసేవాళ్ల దగ్గర నాలుగు పోర్టులూ ఒకే మట్టానికి వచ్చేలా చెక్కించాను.

బిగించడం మాత్రం సుఖం. స్టడ్లు, నట్లు అన్నీ కొత్తవే, ఒక్కటి విరిగిందంటే మిగతావాటి వయసూ అంతే కదా. ప్యాకింగ్‌కి సిలికాన్ పూయలేదు, ఆ వేడికి అది ఆగదు, పైగా సెన్సర్‌ని పాడుచేస్తుంది. మధ్య నట్ల నుంచి మొదలుపెట్టి చివర్లకి, మూడు విడతల్లో, టార్క్ రెంచ్‌తో (ఎంత గట్టిగా బిగిస్తున్నామో కొలిచే స్పానర్). 8 ఎంఎం స్టడ్లకి చాలా కార్లలో 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు ఉంటుంది, మీ బండి మాన్యువల్‌లో ఎంత ఉంటే అంతే.

స్టార్ట్ చేయగానే పొగ లేచింది, అది నేను మూడు రోజులు కొట్టిన ఆయిల్ కాలడం. టక్ టక్ లేదు. మర్నాడు పూర్తిగా చల్లారాక మళ్లీ రెంచ్ పెట్టి చూస్తే రెండు నట్లు కాస్త తిరిగాయి. మా ప్యాకింగ్ గ్రాఫైట్‌ది, దానికి ఈ రెండోసారి బిగింపు చెప్పే ఉంది. ఇప్పటికి మూడు వారాలు. హీట్ షీల్డ్‌కి మూడు బోల్టులే ఉన్నాయి. నాలుగోది చేయి జారి ఇంజిన్ కింది ప్లేటులో ఎక్కడో పడింది, మలుపు తిరిగినప్పుడల్లా గలగలమంటోంది.