నీట్ సీటు రాకపోతే ఏంటంట?

బైపీసీ పిల్లలు నీట్‌లో సీటు రాలేదనగానే అంతా అయిపోయినట్టు మొహాలు వేలాడేస్తారు, అదేంటో మరి! బీఎస్సీ నర్సింగ్ చేస్తే సీహెచ్‌ఓగా, అంటే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌గా, ఊళ్లోని ఆరోగ్య సబ్‌సెంటర్‌లోనే పని చేయొచ్చు, 2018లో ఆయుష్మాన్ భారత్‌తో వచ్చిన పోస్టు ఇది, మైదానంలో 5000 మందికి, ఏజెన్సీలో 3000 మందికి ఒక సబ్‌సెంటర్ ఉండాలని లెక్క. బీపీ, షుగర్ చూడటం, గర్భిణులకి హిమోగ్లోబిన్ టెస్ట్, అవసరమైతే ఈ-సంజీవనిలో, అంటే సర్కారు ఆన్‌లైన్ వైద్య సేవలో, డాక్టర్‌తో మాట్లాడించడం, ఇదీ పని.

మా ఊళ్లో తాతలకి షుగర్ కాస్త తగ్గగానే బిళ్లలు మానేసి ఒట్టికాళ్లతో పొలానికెళ్లడం అలవాటు, నర్సమ్మ అరుగు మీద కూర్చోబెట్టి "ఏదీ తాతా, పాదం చూపించు" అని వేళ్ల సందులు చూస్తే గానీ పుండు బయటపడదు. చాలాచోట్ల కాంట్రాక్టు ఉద్యోగమే, అది మాత్రం నాకూ నచ్చదు, అడగాల్సిందే. ఎంబీబీఎస్ వాళ్లకైతే పీహెచ్‌సీలో చేస్తే పీజీకి ఇన్‌సర్వీస్ కోటా (సర్కారు సర్వీసులో ఉన్న డాక్టర్లకి కేటాయించే సీట్లు) కూడా ఉంది, రూల్స్ చూస్కోండి.