ముందు గ్రూపులో అడుగుతాం, తర్వాతే గూగుల్

తెలుగులో ఎంఏ, పీహెచ్‌డీ చేసేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తరచూ కనిపించే మెసేజ్ ఒకటుంది: "అన్నా, ఈ పుస్తకం పీడీఎఫ్ ఉంటే కొంచెం పంపవా?" ఇది చూసి పెద్దవాళ్లు, ఈ కాలం పిల్లలకి లైబ్రరీ మెట్లెక్కడానికి బద్ధకం అని తేల్చేస్తారు. నాకైతే అలా అనిపించదు. మా సబ్జెక్టులో గూగుల్ కంటే సీనియరే నయం, ఎందుకంటే ఉన్న సరుకులో చాలా భాగం గూగుల్ కంట పడదు.

శోధగంగ సంగతే తీసుకోండి. గుజరాత్ గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే కేంద్రం నడిపే ఈ సైట్లో దేశంలోని యూనివర్సిటీల పీహెచ్‌డీ గ్రంథాలు లక్షల్లో ఉన్నాయి, సాఫ్ట్ కాపీ ఇవ్వాలని 2009లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధన కూడా పెట్టింది. బాగానే ఉంది. కానీ తెలుగు గ్రంథాల పేర్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు, అదీ ఎవరికి తోచిన స్పెల్లింగులో వాళ్లు. కథానికకి టీ పక్కన హెచ్ పెట్టినవాళ్లు కొందరు, పెట్టనివాళ్లు కొందరు, దీర్ఘానికి రెండు 'ఏ'లు కొట్టినవాళ్లు ఇంకొందరు. అన్ని రకాలుగానూ కొట్టి చూడాల్సిందే. తీరా దొరికాక ఒక్కో అధ్యాయం ఒక్కో ఫైలు, తెరిస్తే అవి స్కాన్ చేసిన పేజీలైనా అయ్యుంటాయి, లేదా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైపు చేసినవైనా అయ్యుంటాయి. ఆ అను ఫాంట్ల పేరా ఒకటి కాపీ చేసి వర్డ్‌లో పేస్ట్ చేసి చూడండి, ఇంగ్లీషు అక్షరాలూ వింత గుర్తులూ కలిసిన గజిబిజి వచ్చి పడుతుంది. ఇక అందులో ఒక పేరు వెతకాలంటే మొదటి పేజీ నుంచి కళ్లతో చదువుకుంటూ పోవడమే.

 

ఇలాంటి చోట చాట్‌జీపీటీ ఇట్టే జవాబిస్తే ఎవరికి ఆశ పుట్టదు? ఒక జూనియర్ రాసిన సినాప్సిస్ (పరిశోధన సారాంశం)లో ఈమధ్య ఒక రిఫరెన్స్ చూశాను: రచయిత పేరు, విజయవాడ ప్రచురణ, సంవత్సరం, పేజీ నంబరు, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. పుస్తకం మాత్రం ఏ కేటలాగ్‌లోనూ లేదు, ఆ పేరుతో రచయితా లేడు, అంతా చాట్‌జీపీటీ కల్పనే. మనవాళ్ల టెన్షనంతా సిమిలారిటీ (మన రాత వేరేవాళ్ల రాతతో ఎంత కలిసిందనే లెక్క) మీదే కదా, 2018 యూజీసీ నిబంధనల ప్రకారం 10 శాతం దాటకూడదని. లేని పుస్తకం దేనితోనూ కలవదు కాబట్టి ఆ పరీక్షలో హాయిగా గట్టెక్కుతుంది! గైడు కూర్చుని ఒక్కొక్కటీ చూస్తే తప్ప పట్టుబడదు.

నేను జూనియర్లకి చెప్పేది ఒకటే. మీ అంశానికి దగ్గరగా ఉన్న పాత సిద్ధాంత గ్రంథం (పీహెచ్‌డీ థీసిస్) ఒకటి పట్టుకుని, చివర ఉన్న ఉపయుక్త గ్రంథసూచి ముందు చదవండి. అందులో పాత పత్రికల పేర్లు తగులుతాయి. మీ యూనివర్సిటీ లైబ్రరీలో ఆ సంచికలు లేకపోతే వేటపాలెం సారస్వత నికేతనంలో అడగండి, 1918 నాటి గ్రంథాలయం అది, పాత పత్రికలకి పెట్టింది పేరు. వెళ్లేముందు ఫోన్ చేసి, కావలసిన సంవత్సరం, నెల చెప్పండి. ఊరికే "పాత పత్రికలు కావాలి" అంటే వాళ్లు మాత్రం ఏం తీసిస్తారు?