నా పచ్చకామెర్లు, అత్తయ్యగారి నేల ఉసిరి

కోనసీమలో ఊడ్పులు జోరుగా సాగుతున్న రోజుల్లో నాకు జ్వరం మొదలైంది. అన్నం వాసన తగిలితే వాంతి. జ్వరం దిగుతూనే మూత్రం టీ డికాక్షన్‌లా మారింది, కళ్ళు పచ్చబడ్డాయి. అమలాపురంలో రక్తపరీక్ష చేయిస్తే బిలిరుబిన్ (కామెర్లలో ఒంటికి పచ్చరంగు తెచ్చే పదార్థం) 9 ఉంది, ఉండాల్సింది 1 చుట్టుపక్కల. హెపటైటిస్ ఇ అని తేలింది. తాగే నీళ్ళలో మురుగు కలిస్తే వచ్చే వైరస్ అది. "దీనికి ప్రత్యేకంగా మందు లేదమ్మా. ఎక్కువమందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. రెస్ట్ తీసుకోండి, తిండి మానకండి" అన్నారు డాక్టరుగారు.

మందు లేదన్న మాట మా ఇంట్లో ఎవరికీ రుచించలేదు. మర్నాడు అత్తయ్యగారు కొబ్బరితోటలోంచి నేల ఉసిరి పీక్కొచ్చి, నూరి, మజ్జిగలో కలిపిచ్చారు. పైగా పథ్యం. ఉప్పు, నూనె, పులుసు అన్నీ బంద్. ఒక గ్లాసు తాగి డాక్టరుగారికి ఫోన్ చేశాను. లివర్ వాచినప్పుడు మోతాదు తెలియని పసరు వద్దన్నారు, ఉప్పూ నూనే మానక్కర్లేదన్నారు. అత్తయ్యగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అలాగని నేల ఉసిరిని తీసిపారేయలేం. అందులో క్వెర్సెటిన్, కొరిలాజిన్ లాంటి యాంటీ ఆక్సిడెంట్లున్నాయి. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బి అనే మరో లివర్ వైరస్ ఉన్నవాళ్ళకిస్తే, 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ గుర్తు మాయమైందని లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. తర్వాత వేరేచోట్ల చేసిన ప్రయోగాల్లో ఆ ఫలితం రాలేదు. గాజుగిన్నెలో కణాల మీద పనిచేసిన పదార్థం, మింగాక పేగులూ లివరూ దాటి రక్తంలోకి సరిపడా చేరాలి కదా! గ్రీన్ టీలోని కాటెచిన్లనే యాంటీ ఆక్సిడెంట్లతో చేసిన పూతమందుకు ఆ బాధ లేదు, నేరుగా చర్మం మీదే రాస్తారు కాబట్టి. వైరస్ వల్ల జననాంగాల దగ్గర వచ్చే పులిపిర్లకు దాన్ని 2006లో అమెరికా ఆమోదించింది.

మా ఎదురింటి అబ్బాయికీ అప్పుడే కామెర్లొచ్చాయి. అతను రోజూ పసరు తాగాడు, నేను తాగలేదు. ఇద్దరం ఇంచుమించు ఒకేసారి తేరుకున్నాం. అత్తయ్యగారి లెక్కలో అతనిది పసరు మహిమ, నాది ఆ మొదటి గ్లాసు మహిమ!

ఆవిడతో నేను గట్టిగా పట్టుబట్టింది నీళ్ళ దగ్గరే. ఈ రకం కామెర్లు గర్భిణులకు ప్రాణం మీదికి తెస్తాయి. మా ఆడపడుచుకి ఏడో నెల, పురిటికి తీసుకురావాలి. ఆ సంగతి చెప్పగానే అత్తయ్యగారు మారు మాట్లాడకుండా పెద్ద డేగిసా తోమి, నీళ్ళు మరగబెట్టడానికి పొయ్యెక్కించారు.