హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ పోకుండా

హాస్టల్లో ల్యాప్‌టాప్ పోయేది అర్ధరాత్రి తాళం పగిలి కాదు, పొద్దున తలుపు దగ్గరగా వేసి స్నానానికెళ్లిన పది నిమిషాల్లోనే. అంచేత ఆ పది నిమిషాలకైనా తాళం వెయ్యండి. తాళం కంటే ముందు గొళ్ళెం చూడండి: స్క్రూల తలలు బయటికి కనిపిస్తుంటే స్క్రూడ్రైవర్ చాలు, తాళం జోలికే పోనక్కర్లేదు. వాటి బదులు తలుపుకి అడ్డంగా దూరే బోల్టులు వేసి, లోపల నట్లు బిగించమని వార్డెన్‌ని అడగండి.

కేబుల్ లాక్ (ల్యాప్‌టాప్‌ని కదలని వస్తువుకి కట్టేసే ఉక్కు తీగ తాళం) కొనేముందు, ఆ తాళం దూరే సన్నటి గాడి మీ ల్యాప్‌టాప్ పక్కన ఉందో లేదో చూసుకోండి, చాలా పల్చటి మోడళ్లకి ఉండదు. కేబుల్‌ని మంచం కాలికి చుట్టకండి. మంచం ఎత్తితే కిందనుంచి జారి వచ్చేస్తుంది. వెల్డింగ్ చేసిన అడ్డకడ్డీకి చుట్టండి.

విండోస్‌లో ఫైండ్ మై డివైస్ (ల్యాప్‌టాప్ ఎక్కడుందో చూపించేది), డిస్క్ ఎన్‌క్రిప్షన్ (మీ ఫైళ్లు వేరేవాళ్లు చదవకుండా తాళం వేసేది) ఇప్పుడే ఆన్ చెయ్యండి. ఆ ఎన్‌క్రిప్షన్ తాళం పడిపోతే తెరిచే 48 అంకెల రికవరీ కీ అదే ల్యాప్‌టాప్‌లో దాచుకుంటే ఏం లాభం? అడుగున ఉన్న సీరియల్ నంబర్, బిల్లు ఫోటో తీసి మెయిల్లో పెట్టుకోండి, పోలీసు ఫిర్యాదుకి కావాలి. పోయిన ఫోన్లని వాటి ఐఎంఈఐ (ఒక్కో ఫోన్‌కి ఉండే గుర్తింపు నంబర్)తో బ్లాక్ చేసే ప్రభుత్వ సీఈఐఆర్ పోర్టల్ ఫోన్లకే. సిమ్ లేని ల్యాప్‌టాప్‌కి ఐఎంఈఐ ఉండదు.