ఆచార్య రంగా: ఓడిన ప్రతిసారీ మరో వాకిలి

మన పార్లమెంటులో ఎక్కువ కాలం పనిచేసిన వారి గురించి ఎవరు మాట్లాడినా ఆచార్య ఎన్.జి. రంగా పేరు ప్రస్తావనకు రాక తప్పదు. బ్రిటిష్ వారి కాలంలో 1930లలో కేంద్ర శాసనసభలో అడుగుపెట్టిన ఆయన 1991లో తొమ్మిదో లోక్‌సభ రద్దయ్యేదాకా చట్టసభల మనిషిగానే ఉన్నారు. అర్ధ శతాబ్దపు పార్లమెంటరీ సేవకు గిన్నిస్ పుస్తకంలో కూడా చోటు దక్కింది. గుంటూరు జిల్లా నిడుబ్రోలులో 1900 నవంబరు 7న ఒక రైతు కుటుంబంలో పుట్టిన మనిషికి ఈ ఘనత దక్కినందుకు తెలుగువాళ్లం గర్వపడతాం, పడవలసిందే. అయితే ఏళ్ల లెక్క చెప్పి ఊరుకుంటే ఆయన జీవితంలోని అసలు సంగతి మరుగున పడిపోతుందని చాలాకాలంగా నాకు అనిపిస్తోంది. ఒకే నియోజకవర్గం ఒకే మనిషిని పదేపదే గెలిపించినందువల్ల వచ్చిన రికార్డు కాదిది. సొంత గడ్డ మీద ఓడిపోయి, పార్టీని వదిలి, కొత్త పార్టీ పెట్టి, ఉప ఎన్నికలో మరో జిల్లా నుంచి గెలిచి, మధ్యలో ఆరేళ్లు ఏ సభలోనూ లేకుండా ఉండి, ఎనభయ్యో పడికి చేరువైన వయసులో మళ్లీ సొంత జిల్లా నుంచి లోక్‌సభకు వెళ్లిన మనిషి కథ ఇది.

ఆయన చదువు గుంటూరులో మొదలై ఆక్స్‌ఫర్డ్ దాకా సాగింది. అక్కడ అర్థశాస్త్రంలో పట్టా పుచ్చుకొని వచ్చి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యుడిగా పనిచేశారు. ఆ ఉద్యోగం ఎన్నేళ్లో సాగలేదు గాని, 'ఆచార్య' అన్న మాట మాత్రం ఆయన పేరు ముందు చివరిదాకా నిలిచిపోయింది. 1930లో ఉప్పు సత్యాగ్రహ కాలంలో కొలువు వదిలి ఉద్యమంలోకి దిగారు. వెంకటగిరి జమీందారీ రైతుల పోరాటానికి నాయకత్వం వహించారు. నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం స్థాపించి పల్లెటూరి యువకులకు రాజకీయ, ఆర్థిక విషయాలు బోధించారు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులైతే, రంగా ప్రధాన కార్యదర్శి అయ్యారు. తమ ఇంటి మంచినీటి బావిని దళితులకు తెరిచిన విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే రైతు నాయకుడంటే భూస్వామి పక్షమేనని కొందరు తేలిగ్గా తేల్చేసే మాటకు ఆయన నిత్యజీవితం అంత తేలిగ్గా ఒదగదు.

కేంద్ర శాసనసభకు ఆయనను పంపిన ఓటర్లు ఎవరన్నది ఈ కథలో చాలా ముఖ్యమైన విషయం. ఆ రోజుల్లో వయోజనులందరికీ ఓటు లేదు. ఆస్తి ఉన్నవారికి, ఒక స్థాయికి మించి భూమి శిస్తు కట్టేవారికి, ఆదాయపు పన్ను చెల్లించేవారికి మాత్రమే ఆ సభకు ప్రతినిధిని ఎన్నుకునే హక్కు ఉండేది. గుంటూరు, నెల్లూరు జిల్లాల్లో అటువంటి ఓటరంటే సర్కారుకు నేరుగా శిస్తు కట్టే రైత్వారీ పట్టాదారే. అంటే రంగా ఎవరి గొంతుగా రాజకీయాల్లోకి వచ్చారో, ఓటు హక్కు కూడా చాలా మేరకు వారి చేతుల్లోనే ఉండేది. స్వతంత్ర భారతంలో అందరికీ ఓటు వచ్చాక ఆ పొందిక చెదిరింది. భూమి లేని కూలీకి, కౌలుదారుకు, పట్టాదారుకు ఒకే విలువ గల ఓటు దక్కింది. రంగా తరువాతి జీవితంలోని గెలుపోటములను ఈ మార్పుతో కలిపి చూస్తేనే నాకు అర్థవంతంగా కనిపిస్తాయి.

ఈ మార్పు రాబోతోందని ఆయనకు తెలియదని మాత్రం నేను అనుకోను. రాజ్యాంగ సభలో 1946 డిసెంబరులో లక్ష్యాల తీర్మానంపై ఆయన చేసిన ప్రసంగం చదివినవారెవరూ అలా అనుకోలేరు. అల్పసంఖ్యాకుల హక్కుల గురించి సభ మాట్లాడుతున్న సమయంలో రంగా లేచి, ఈ దేశంలో నిజమైన అల్పసంఖ్యాకులు ఏ ఒక్క మతం వారో కాదని, సామాన్య ప్రజానీకమేనని వాదించారు. సాధారణ పౌర హక్కులను కూడా వాడుకోలేనంతగా అణగిపోయి ఉన్నవారే రక్షణ కోరదగినవారన్నది ఆ వాదన సారాంశం. ఉదాహరణకు ఆయన గిరిజన ప్రాంతాలను చూపించారు. గిరిజనుల భూమి అన్యాక్రాంతం కాకూడదని వారి ఆచారమూ, చట్టమూ చెబుతున్నా, బయటి నుంచి వచ్చిన వర్తకులు ఆ భూములను లాక్కుంటూనే ఉన్నారని గుర్తు చేశారు. కాగితం మీద హక్కు ఉండటం వేరు, ఆ హక్కును నిలబెట్టుకునే బలం ఉండటం వేరు అన్న ఎరుక ఆ ప్రసంగం పొడుగునా కనిపిస్తుంది. ఆయన ప్రసంగాల్లో నేను అన్నిటికన్నా ఎక్కువగా గౌరవించేది ఇదే.

1951లో ఆంధ్ర ప్రాంత కాంగ్రెస్ అధ్యక్ష పదవికి జరిగిన పోటీలో నీలం సంజీవరెడ్డి చేతిలో ఓడిపోవడంతో రంగా కాంగ్రెస్ నుంచి బయటికి వచ్చి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1952 ఎన్నికల్లో ఆ పార్టీకి మద్రాసు శాసనసభలో 15 స్థానాలు వచ్చాయి. రంగా మాత్రం రాజ్యసభకు వెళ్లారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక 1955లో జరిగిన మధ్యంతర ఎన్నికల్లో కమ్యూనిస్టులు అధికారానికి వచ్చేస్తారన్న భయంతో కాంగ్రెస్, ప్రజా పార్టీ, కృషికార్ లోక్ పార్టీ ఒకే కూటమిగా పోటీ చేసి 196 స్థానాల్లో 146 గెలుచుకున్నాయి. అందులో కృషికార్ లోక్ పార్టీ వాటా 22. కమ్యూనిస్టులకు 15 మాత్రమే దక్కాయి. ఆ తరువాత రంగా మళ్లీ కాంగ్రెస్‌లో చేరి 1957లో తెనాలి నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

తెనాలి సభ్యుడిగా ఉన్న ఆ కాలంలోనే ఆయన జీవితంలోని అతి పెద్ద నిర్ణయం వచ్చింది. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయాన్ని దేశ లక్ష్యంగా తీర్మానించింది. రైతులు తమ కమతాలను కలిపి ఉమ్మడిగా సాగు చేయాలన్నది దాని ఆంతర్యం. యాజమాన్యం పేరుకు రైతుదే అయినా గట్టు చెరిగిపోయాక ఆ యాజమాన్యానికి అర్థం ఉండదని రంగా నమ్మారు. అప్పటికి ప్రధానిగా నెహ్రూ ప్రాబల్యం ఎంతటిదో తెలిసినవారికి ఆ సమయంలో అధికార పార్టీని వదులుకోవడం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. మంత్రి పదవులకు దారి అటే ఉన్నదని తెలిసీ ఆయన బయటికి వచ్చారు. అదే ఏడు జూన్‌లో మద్రాసులో రాజాజీ, మినూ మసానీ వంటి వారితో కలిసి స్వతంత్ర పార్టీ స్థాపనలో పాలుపంచుకొని, దాని అధ్యక్షులై, దాదాపు పదేళ్లపాటు ఆ బాధ్యత మోశారు. రాజాజీకి వాదనా పటిమ, మసానీకి నిర్వహణ దక్షత ఉన్నాయి. కానీ మాజీ సంస్థానాధీశులు, పారిశ్రామికవేత్తలు ఎక్కువగా కనిపించిన ఆ పార్టీకి పల్లెల్లో తిరిగి జనంతో మాట్లాడగలిగిన పెద్ద నాయకుడు రంగానే.

1962లో తెనాలి ఆయనను ఓడించింది. గెలిచినవారు కమ్యూనిస్టు పార్టీకి చెందిన కొల్లా వెంకయ్య. ఆ ఎన్నికలో స్వతంత్ర పార్టీకి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 19 స్థానాలు రాగా కమ్యూనిస్టులకు 51 వచ్చాయి. పట్టాదారు రైతు హక్కుల కోసం పార్టీనే పెట్టిన మనిషి పట్టాదార్లు దండిగా ఉన్న డెల్టా ప్రాంతంలో ఓడిపోయారంటే, ఆ డెల్టాలోనే వ్యవసాయ కూలీల సంఖ్య, వారిలో కమ్యూనిస్టుల బలం కూడా దండిగా ఉండటాన్ని లెక్కలోకి తీసుకోవాలి. నాగలి పట్టినవాడికీ, కూలికి వచ్చినవాడికీ ప్రయోజనాలు ఒకటేనని రంగా మనస్ఫూర్తిగా నమ్మారు. కూలి మాత్రం అలా నమ్మలేదు. ఆయన పట్ల నాకున్న గౌరవం తగ్గకుండానే ఈ విషయంలో కూలీ వైపే న్యాయం ఎక్కువగా ఉందని నేను అనుకుంటాను, ఎందుకంటే పట్టా రక్షణ గురించి ఎంత మాట్లాడినా అది పట్టా లేనివాడి కూలి రేటును పైసా కూడా పెంచదు.

ఆ ఓటమి తరువాత ఆయన సభకు దూరం కావలసిందే. కానీ అదే ఏడాది చిత్తూరు స్థానం ఖాళీ అయింది. అంతకుముందు లోక్‌సభ స్పీకరుగా ఉన్న మాడభూషి అనంతశయనం అయ్యంగార్ బీహారు గవర్నరుగా వెళ్లడమే దానికి కారణం. ఉప ఎన్నికలో రంగా గెలిచి మూడో లోక్‌సభలో స్వతంత్ర పార్టీ పక్షానికి నాయకత్వం వహించారు.

ఆ సభలో ఆయన చేసిన పోరాటాల్లో పదిహేడో రాజ్యాంగ సవరణపై పోరాటం మీద కొంచెం ఎక్కువ సేపు నిలబడాలి. జమీందారీల రద్దు కోసం రాజ్యాంగంలో మొదట చేర్చిన నిబంధన ప్రకారం, ఎస్టేటుగా లెక్కకు వచ్చే భూమిని ప్రభుత్వం తీసుకుంటే ప్రాథమిక హక్కుల పేరుతో కోర్టులో సవాలు చేసేందుకు అవకాశం లేదు. జమీందారీలు పోవాలని జీవితమంతా కొట్లాడిన రంగాకు దానిపై పేచీ లేదు. కానీ 1964లో వచ్చిన పదిహేడో సవరణ ఆ నిర్వచనాన్ని రైత్వారీ భూములకు కూడా విస్తరింపజేసి, మరో 44 చట్టాలను తొమ్మిదో షెడ్యూలులో, అంటే ప్రాథమిక హక్కుల పేరుతో కోర్టులో సవాలు చేయకుండా రక్షణ కల్పించే జాబితాలో, చేర్చింది. మధ్యలో జమీందారు లేకుండా తరతరాలుగా సర్కారుకు శిస్తు కట్టుకుంటూ వచ్చిన పదెకరాల రైతు భూమి కూడా, చట్టం దృష్టిలో వేల ఎకరాల జమీందారీతో పాటు ఒకే గాటన కట్టబడింది. సొంత సాగులో గరిష్ఠ పరిమితికి లోబడిన భూమికి మార్కెట్ విలువకు తగ్గకుండా పరిహారం ఇవ్వాలన్న రక్షణ అందులో ఉన్న మాట నిజమే. అయినా ఆ పరిమితి ఎంతో నిర్ణయించేది మళ్లీ ప్రభుత్వమే కదా అన్న అనుమానం రైతుల్లో బలంగా ఉండేది. రంగా ఆ అనుమానానికి పార్లమెంటులో రూపం ఇచ్చారు. భూసంస్కరణలు అవసరమని నమ్మే నాలాంటివారు కూడా ఆయన వాదనలోని ఈ భాగాన్ని తోసిపుచ్చలేరు, ఎందుకంటే రాజ్యానికి భూమి తీసుకునే అధికారం ఒకసారి దక్కాక అది ఎప్పుడూ పేదలకు పంచడానికే వాడబడుతుందన్న హామీ ఏ సవరణలోనూ ఉండదు. ఇవాళ భూసేకరణ వివాదాలు చూస్తున్నప్పుడు ఆ చర్చ పాతబడినట్టు నాకు అనిపించదు.

1967లో స్వతంత్ర పార్టీ దేశంలో 44 లోక్‌సభ స్థానాలు గెలిచి కాంగ్రెస్ తరువాత పెద్ద పార్టీగా నిలిచింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 29 స్థానాలు వచ్చాయి. శ్రీకాకుళం నుంచి లోక్‌సభకు గెలిచిన గౌతు లచ్చన్న ఆ స్థానాన్ని వదులుకోగా, ఉప ఎన్నికలో అక్కడి నుంచి రంగా ఎన్నికయ్యారు. నిడుబ్రోలు విద్యాలయం నాటి నుంచి రంగాను గురువుగా భావించిన లచ్చన్న ఆయన కోసమే సీటు వదిలారని ఉత్తరాంధ్రలో పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. గుంటూరు జిల్లా కమ్మ రైతు కుటుంబం నుంచి వచ్చిన నాయకుణ్ని శ్రీకాకుళంలో వెనుకబడిన కులానికి చెందిన నాయకుడు తన భుజాల మీద మోసి పార్లమెంటుకు పంపడం మన రాజకీయాల్లో అరుదైన విషయం. దీని గురించి ఇంకా ఎవరైనా వివరంగా రాస్తే బాగుంటుంది.

1971లో ఇందిరాగాంధీ ప్రభంజనంలో స్వతంత్ర పార్టీ ఎనిమిది స్థానాలకు పడిపోయింది. శ్రీకాకుళం మళ్లీ కాంగ్రెస్ అభ్యర్థి బొడ్డేపల్లి రాజగోపాలరావు వశమైంది. ఆ తరువాత రంగా తిరిగి కాంగ్రెస్‌లో చేరారు. ఆయన జీవితంలో నాకు మింగుడుపడని మలుపు ఇదొక్కటే. రాజ్యాధికారం హద్దుల గురించి పదేళ్లు హెచ్చరించిన మనిషి, ఆ అధికారం అన్ని హద్దులూ దాటిన అత్యవసర పరిస్థితి కాలంలో ఆ పార్టీలోనే ఉండటాన్ని నేను సమర్థించలేను. వయసు, పార్టీ అంతరించిపోవడం, కమ్యూనిస్టుల పట్ల ఆయనకున్న పాత వ్యతిరేకత వంటి కారణాలు చెప్పవచ్చు గాని, అవి ఆ ప్రశ్నను పూర్తిగా తీర్చవు.

1977లో రాజ్యసభ ద్వారా మళ్లీ సభలోకి వచ్చిన రంగా 1980లో గుంటూరు నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అసలు పరీక్ష 1984 డిసెంబరులో వచ్చింది. ఇందిరాగాంధీ హత్య తరువాత దేశమంతా కాంగ్రెస్ వైపు మొగ్గినా, ఎన్.టి. రామారావు ప్రభంజనంలో ఉన్న ఆంధ్రప్రదేశ్ మాత్రం 42 స్థానాల్లో 30 తెలుగుదేశానికి ఇచ్చింది. కాంగ్రెస్‌కు మిగిలినవి ఆరే. ఆ ఆరింటిలో గుంటూరు ఒకటి. ఎనభై నాలుగేళ్ల రంగా గెలిచారు. 1989లో మూడోసారి కూడా అక్కడి నుంచే గెలిచి, తొంభై ఏళ్లు నిండాక, 1991లో సభ రద్దు కావడంతో ఆయన పార్లమెంటు జీవితం ముగిసింది. ఆ ఏడాదే పద్మవిభూషణ్ వచ్చింది. 1995 జూన్ 9న కన్నుమూశారు. మరుసటి ఏడాది వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు.

విశ్వవిద్యాలయానికి పేరు పెట్టడం మంచి పనే. అయితే కేంద్ర శాసనసభ మొదలుకొని తొమ్మిదో లోక్‌సభ దాకా ఆయన మాట్లాడిన మాటలు చర్చల సంపుటాల్లో ఎక్కువగా ఆంగ్లంలోనే ఉండిపోయాయి. ఎవరి కోసం మాట్లాడారో ఆ రైతు కుటుంబాల్లో చాలామంది వాటిని చదవలేరు. రాజ్యాంగ సభలోని 1946 ప్రసంగాన్నీ, పదిహేడో సవరణపై చర్చనూ, వాటికి కమ్యూనిస్టు సభ్యులు ఇచ్చిన జవాబులతో సహా, ముందుగా తెలుగులోకి తీసుకురావాలి. జవాబులు కూడా ఉండాలని ప్రత్యేకంగా అడుగుతున్నాను, ఎందుకంటే తెనాలి 1962లో ఇచ్చిన తీర్పు వెనుక ఉన్న వాదన కూడా మన పిల్లలు తెలుసుకోవాలి.