మాడు వదిలిన మధ్యాహ్నం

వంట గట్టు సర్దేసరికి సింకు దగ్గర రెండు గిన్నెలు మిగిలాయి. ఒకటి పాలు అడుగంటిన స్టీలు గిన్నె, రెండోది నల్లగా మాడిన అల్యూమినియం మూకుడు. ఇలాంటివి కనబడగానే అందరి చెయ్యీ స్టీలు పీచు మీదకే పోతుంది. నాకు ఆ బరబరా గీకుడు వింటేనే ప్రాణం ఉసూరుమంటుంది. గీతలు పడ్డ చోట మళ్లీ మాడు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది కూడా.

పాలగిన్నె పూర్తిగా చల్లారేదాకా ఆగాను. కాలుతున్న గిన్నెలో ఒక్కసారిగా చన్నీళ్లు పోస్తే అడుగు వంకర పోవచ్చు, ఇక అది పొయ్యి మీద కుదురుగా కూర్చోదు. చల్లారాక మాడు మునిగేంత నీళ్లు పోసి, రెండు చెంచాల వంట సోడా వేసి సన్నమంట మీద పెట్టాను. పాలలోని ప్రోటీన్లు వేడికి గడ్డకట్టి అడుక్కి అతుక్కుంటాయి, పాలలో ఉండే చక్కెర వాటితో కలిసి గోధుమ రంగుకీ, ఆపైన నలుపుకీ తిరుగుతుంది. క్షారపు నీళ్లు ఆ పొరలోకి దిగి మెత్తబరుస్తాయి. మరుగుతున్న కొద్దీ వంట సోడాలో కొంత భాగం బట్టల సోడాగా మారుతుంది. మొదటి దాని పీహెచ్ (7 దాటి పెరిగేకొద్దీ క్షారం బలమెక్కువని చెప్పే కొలత) 8 దాటి కాస్తే ఉంటుంది, రెండో దానిది 11 దాకా వెళ్తుంది. అందుకే ఊరికే నానబెట్టడం కన్నా మరిగించడమే నాకు ఇష్టం. కాసేపటికి అంచుల దగ్గర పొర లేచింది. చెక్క గరిటెతో నెడితే పెళ్లలు పెళ్లలుగా ఊడొచ్చింది. ఎంత హాయిగా అనిపించిందో!

సోడా మీద వెనిగర్ పోసి నురగ పొంగించే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. బుసబుసమని పొంగేది కార్బన్ డయాక్సైడ్. క్షారం, ఆమ్లం రెండూ ఒకదాని బలం ఒకటి తీసేసుకుని చివరికి సోడియం అసిటేట్ కలిసిన నీళ్లు మిగులుతాయి. విడివిడిగా అయితే రెండూ మంచివే. సోడా నీళ్లు పారబోసి కడిగాక, వేడికి అడుగున తేలిన నీలి రంగు మరకల మీద వెనిగర్ రాస్తే అవి పోయాయి. బ్లీచ్‌ని మాత్రం వెనిగర్ దరిదాపులకి రానివ్వకూడదు, విషపు క్లోరిన్ వాయువు వస్తుంది.

మూకుడికి సోడా పనికిరాదు. అల్యూమినియం మీద సహజంగా ఉండే రక్షణ పొరని క్షారం తినేసి నల్లబరుస్తుంది. దాంట్లో నిమ్మరసం కలిపిన నీళ్లు మరిగించి, మిగిలిన మాడుని సబ్బునీళ్లలో నాననిచ్చి, మెత్తటి స్పాంజితో తోమాను. లోపల శుభ్రపడింది. బయట, అడుగు వైపు పేరుకున్న గోధుమ రంగు జిడ్డు మాత్రం కదల్లేదు. అది ఇక నూనె కాదు, వేడికీ గాలికీ గట్టిపడి లోహానికి కరుచుకున్న పొర. ఇనుప పెనం మీద మనం కావాలని పట్టించే పొర కూడా ఇదే! అక్కడ అది పోకుండా చూసుకుంటాను: నానబెట్టను, ఉప్పుతో రుద్ది వేడినీళ్లతో కడిగి, వెంటనే పొయ్యి మీద ఆరబెట్టి, కాస్త నూనె రాసి పెడతాను.

అందుకే మూకుడు వెనక జిడ్డుని అలాగే వదిలేశాను. వంట తగిలేది లోపలి వైపు కదా. రేపటికి నాన్‌స్టిక్ పెనం ఒకటుంది, దానికి గోరువెచ్చటి సబ్బునీళ్లు చాలు.