మనం లేని మీటింగులో మన ప్రమోషన్

అమెరికాలో సియాటిల్ పక్కన బెల్‌వ్యూలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంజనీరింగ్ మేనేజర్‌గా పనిచేస్తున్నాను. ఇక్కడికొచ్చిన మన అమ్మాయిలు తరచూ అడుగుతుంటారు, "మేనేజర్ అవ్వాలంటే ఏం చెయ్యాలక్కా?" అని. మీటింగుల్లో గట్టిగా మాట్లాడాలేమో, యాస మార్చుకోవాలేమో అని వాళ్ల అనుమానం. కంపెనీలు పెట్టే ట్రైనింగులు ఆ అనుమానాన్నే పెంచుతాయి. నేను చూసినంతలో అసలు కథ వేరే గదిలో నడుస్తుంది.

ఇక్కడ చాలా పెద్ద కంపెనీల్లో ప్రమోషన్ ఒక్క మేనేజర్ చేతిలో ఉండదు. కాలిబ్రేషన్ అని ఒక మీటింగు పెడతారు. ఏడెనిమిది మంది మేనేజర్లు, ఒక డైరెక్టరు, తెర మీద స్ప్రెడ్‌షీటు. ఒక్కో పేరుకు ఐదు నిమిషాలు దక్కితే గొప్ప. ఎవరి గురించి మాట్లాడుతున్నామో ఆ మనిషి అక్కడ ఉండదు. ఆమె తరఫున ఆమె మేనేజర్ చెప్పే నాలుగు మాటలే ఆమె ఏడాది పని.

ఒకసారి పక్క టీములోని వరంగల్ అమ్మాయి పేరు వచ్చింది. వాళ్ల మేనేజర్ మనస్ఫూర్తిగానే పొగిడాడు. చాలా మంచి మనిషి, అందరికీ సాయపడుతుంది, కొత్తవాళ్లకు పని నేర్పుతుంది, మీటింగుల్లో నోట్స్ తనే రాస్తుంది, ఆమె లేకపోతే టీము నడవదు అన్నాడు. అందరూ తలూపారు. తర్వాతి పేరు అదే టీములో అబ్బాయిది. పాత బిల్లింగ్ సిస్టమ్‌ను కొత్తదానికి మార్చాడు, సర్వర్ల ఖర్చు తగ్గించాడు అని చెప్పారు. అతనిది రెండు నిమిషాల్లో ఓకే అయిపోయింది. ఆ మార్పు ఎలా చెయ్యాలో వివరించే డిజైన్ డాక్యుమెంటు నేను చదివాను. "అది రాసిందెవరు?" అని అడిగితే డైరెక్టరు అక్కడికక్కడే తెరిచి చూశాడు. మొదటి పేజీలో ఉన్నది ఆ అమ్మాయి పేరే. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. చివరికి "ఆమెది వచ్చే ప్రమోషన్ల సైకిల్‌లో చూద్దాం" అన్నారు. ఆమె మేనేజర్ చెడ్డవాడేం కాదు. ఏది చెబితే లెక్కలోకి వస్తుందో అది చెప్పలేదు, అంతే. అందుకే అడిగినవాళ్లకి నేను చెప్పేది ఒకటే: "నా గురించి ఆ మీటింగులో ఏం చెప్తారు?" అని మేనేజర్‌ని ముందే అడగండి. మొహమాటపడొద్దు. జవాబులో "అందరికీ సాయపడుతుంది" తప్ప ఇంకేం లేకపోతే, రాబోయే ఆరు నెలల పని మార్చుకోండి.

మెకిన్సే అనే కన్సల్టింగ్ కంపెనీ, ఉద్యోగాల్లో ఆడవాళ్ల కోసం పనిచేసే లీన్ఇన్ సంస్థ కలిసి ఏటా వేసే నివేదిక 2024లో ఒక లెక్క చెప్పింది. మొదటిసారి మేనేజర్ అయ్యే దగ్గర ప్రతి 100 మంది మగవాళ్లకు 81 మంది ఆడవాళ్లే ప్రమోషన్ అందుకుంటున్నారట. పైన సీఈఓ కుర్చీల గురించి చర్చలు పెడతాం గానీ, బండి ఆగేది కింది మెట్టు దగ్గరే.

విజయవాడలో పుట్టిన పద్మశ్రీ వారియర్ 1984లో మోటరోలాలో చేరి, 2003లో అక్కడే సీటీఓ (టెక్నాలజీకి అధిపతి) అయ్యారు. ఆ తర్వాతే సిస్కోకి వెళ్లారు. ఒకే కంపెనీలో అన్నేళ్లు! ఇప్పుడు మనం రెండేళ్లకోసారి కంపెనీ మారుతున్నాం. జీతం పెరుగుతుంది, నిజమే. కానీ ఆ కాలిబ్రేషన్ గదిలో మన పని తెలిసినవాళ్లు ఒక్కరూ ఉండరు. లేఆఫ్‌ల కాలంలో కంపెనీకి అతుక్కుపొమ్మని చెప్పడం కూడా తేలిక కాదనుకోండి.

తెలుగువాళ్లకు ఇంకో దారి దొరుకుతుంది, హైదరాబాద్ టీము. "మీ ఊరే కదా, మీకు సులువు" అని నాకూ అప్పగించారు (నాది ఖమ్మం). దానివల్లే నా కింద మనుషులు పెరిగారు, హోదా పెరిగింది. కానీ అక్కడ ఉదయం తొమ్మిదిన్నర అంటే ఇక్కడ రాత్రి తొమ్మిది, చలికాలంలో ఎనిమిది. పిల్లల్ని పడుకోబెట్టే వేళకి స్టాండప్, అంటే టీము రోజూ పెట్టుకునే చిన్న మీటింగు.

ఆ వేళకి ఇంట్లో ఇంకో మనిషి లేకపోతే ఈ ఉద్యోగం చెయ్యలేం. వాషింగ్టన్ రాష్ట్రంలో 2020 నుంచి బిడ్డ పుడితే తల్లికీ తండ్రికీ చెరో పన్నెండు వారాలు, ఎంతో కొంత డబ్బు వచ్చే సెలవు ఉంది. దేశమంతటికీ వర్తించే 1993 చట్టంలో సెలవైతే ఉంది, జీతం లేదు. ఆ తర్వాత? అమ్మ ఒక ఆరు నెలలు, అత్తగారు ఒక ఆరు నెలలు. విజిటర్ వీసా మీద వచ్చిన ఈ ఇద్దరూ లేకుండా మేనేజర్ అయిన మన ఆడవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. అయినా చలిలో స్కూల్ బస్సు దాకా నడిచేవారు. నా ప్రమోషన్ కాగితంలో ఆవిడ పేరు ఎక్కడా లేదు.

ఇక వీసా. 2015 మే దాకా హెచ్-4 (హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద వచ్చిన భార్యలకు ఇక్కడ ఉద్యోగం చేసే హక్కే లేదు. ఇప్పటికీ హెచ్-1బీ ఉన్న భర్త గ్రీన్‌కార్డు ఫైలు ఒక దశ దాటితేనే వర్క్ పర్మిట్. నా వయసు స్నేహితుల్లో కొందరికి రెజ్యుమెలో ఐదారేళ్ల ఖాళీ అలా వచ్చిందే. సొంత హెచ్-1బీ ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ ముందుగా కార్మిక శాఖకు వేసే పర్మ్ దరఖాస్తు ఫలానా ఉద్యోగానికని వేస్తుంది. ఇంజనీరు నుంచి మేనేజర్ అయితే పని స్వభావం మారిపోతుంది, పర్మ్ మళ్లీ మొదటి నుంచి వేయాల్సి రావచ్చు. పర్మ్ తర్వాత కంపెనీ వేసే ఐ-140 దరఖాస్తు ఆమోదమై ఉంటే గ్రీన్‌కార్డు క్యూలో పాత తేదీ సాధారణంగా పోదు. కానీ కాగితాల పని మళ్లీ మొదలు, టెన్షన్ మళ్లీ మొదలు. ఈ భయంతో మేనేజర్ పోస్టు వద్దన్న అమ్మాయిల్ని చూశాను.

వరంగల్ అమ్మాయికి ఆ తర్వాతి సైకిల్‌లో ప్రమోషన్ వచ్చింది, కొత్త టీముకి మేనేజర్‌గా. గ్రీన్‌కార్డు కాగితాలు చూసే లాయర్ నుంచి ప్రశ్నల జాబితా కూడా వచ్చింది. కొత్త ఉద్యోగంలో రోజూ ఏమేం పనులు చేస్తారో, ఒక్కోదానికి ఎంత సమయం పడుతుందో వివరంగా రాయమన్నారు. ఆదివారం మా వంటింటి టేబుల్ దగ్గర కూర్చుని రాసుకుంటూ, "నోట్స్ రాయడం కూడా పెట్టనా అక్కా?" అంది. పెట్టొద్దన్నాను.